ఒక్కసారి అడిగేవాడు

"అమ్మ నిన్న మధ్యాహ్నం నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నీకు కనిపించట్లేదా?" అన్నాడు మా ఆయన, వంటింటి గుమ్మంలో నిలబడి.

"కనిపిస్తోంది. బిస్కెట్ల డబ్బా కూడా కనిపిస్తోంది. నిన్న నిండుగా ఉండేది, ఇవాళ అడుగు తేలింది," అన్నాను.

పక్క గదిలో మంచం కిర్రుమంది. మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని దీక్షలో ఉన్నారు. చెవులకి మాత్రం దీక్ష లేదు.

"వెటకారం తర్వాత. ఇవాళ ఆఫీసుకెళ్ళి చెప్పేస్తానంటావ్, అంతేనా?"

"అంతే."

"తమ్ముడు ఇవాళే చేరాలి. అటు చూడు, కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు."

చూశాను. హాల్లో మా మరిది ఇస్త్రీపెట్టె పట్టుకుని ఒకే మడత మీద పదే పదే తిప్పుతున్నాడు. శనివారం నుంచీ తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు, పాపం. పాపం అన్నానా? అలవాటుకొద్దీ వచ్చేసింది. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు.

"వాడు చేరకముందే డైరెక్టరు గారికి చెప్తాను. ఆ ప్రశ్న వాడిది కాదని చెప్తాను," అన్నాను.

ఆ ప్రశ్న సంగతి తెలియకపోతే మా ఇంటి గొడవ వినేవాళ్ళకి ఉత్త కాకిగోలలా ఉంటుంది. మాది ఇన్సూరెన్స్ కంపెనీ. జనం తమ రోగాలూ రొష్టులూ, కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పుకోనివి, మాకు రాసిస్తారు. కిందటేడు ఒక టీచరమ్మ జబ్బు సంగతి మా కంప్యూటర్లలోంచి బయటికి పొక్కి, ఆవిడ స్కూల్లో అందరి నోళ్ళలోనూ నానింది. ఆ తర్వాతే కంపెనీ డేటా గవర్నెన్స్ అని ఒక విభాగం పెట్టి దానికి నన్ను పెద్దను చేసింది. పేరు గంభీరం. పని మాత్రం సూటిగా ఉంటుంది. ఎవరి వివరాలు ఎవరు చూడొచ్చు, ఎందుకు చూడాలి, ఎప్పుడు చెరిపేయాలి అన్నది తేల్చి, వీల్లేదన్న చోట వీల్లేదని చెప్పడం. దానికి మనుషులు కావాలి. చదువుకున్నవాళ్ళు కోకొల్లలు. ఎదుటివాడు ఎంతటివాడైనా వీల్లేదని చెప్పగలిగేవాళ్ళే దొరకరు.

అందుకని నేనే ఒక పరీక్ష తయారుచేశాను. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ ముందు ల్యాప్‌టాప్ పెట్టి, "ఇవి మా ఖాతాదారుల వివరాలు, తప్పులు పట్టండి" అనేదాన్ని. అందులో పేర్లూ జబ్బులూ అన్నీ నేను కల్పించినవే, కానీ వాళ్ళకి ఆ సంగతి తెలీదు. అందరూ గబగబా మొదలుపెట్టేవాళ్ళు. ఇక్కడ పుట్టినతేదీ తప్పు, అక్కడ ఫోన్ నంబరులో అంకె తగ్గింది! నాక్కావాల్సింది అది కాదు. "ఇవి నేను చూడొచ్చా? నేనింకా మీ ఉద్యోగిని కాదు కదా," అని ఎవరైనా అడుగుతారా అని కాచుకుని కూర్చునేదాన్ని. అంతమందిలో ఇద్దరే అడిగారు. ఒకరు ఆసుపత్రి రికార్డు రూములో పనిచేసి మానేసినావిడ. రెండోవాడు మా మరిది. ఉన్నదేమో ఒకే ఉద్యోగం.

మరిది వస్తున్నాడని తెలియగానే నేను తప్పుకున్నాను. అప్పటిదాకా గుట్టుగా ఉంచిన పరీక్షని డైరెక్టరు గారికి విప్పి చెప్పి, "ఇతను మావాడండీ, మీరే చూడండి" అన్నాను. ఆయన గదిలోంచి బయటికొచ్చి, "నీ ప్రశ్న అడిగాడమ్మా మీవాడు" అన్నప్పుడు బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని సంతోషంతో ఏడ్చాను. ఎంత పిచ్చిదాన్ని!

శనివారం భోజనాల దగ్గర వాడే తన ఘనత చెప్పుకున్నాడు. "ల్యాప్‌టాప్ మూసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగాను వదినా! ఇవి నేను చూడొచ్చా, నేనింకా మీ ఉద్యోగిని కాదు కదా, అని." నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటలూ, ఆ వరసా, ఒళ్ళో చేతులతో సహా, మా ఆయనకి నేను చేసి చూపించినవి.

"సరే, వాడికి నేనే చెప్పాను," అన్నాడు మా ఆయన. శనివారం నుంచీ పెదవి విప్పని మనిషి ఇప్పుడు విప్పాడు. "చెప్తే ఏమైంది? వాడు నా తమ్ముడు."

"నేనెవర్ని?"

జవాబు లేదు. పొయ్యి మీద పాలు పొంగి కారాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం, ఎవరం ఆర్పలేదు.

"వాడి ఇంటర్వ్యూకి ముందు ఆదివారం మీరే కాఫీ కలిపి తెచ్చారు," అన్నాను. "ఫోను బోర్లా పెట్టి నా పక్కన కూర్చున్నారు. మీ ఆఫీసులో మనుషుల్ని ఎలా ఎంచుతావ్ నువ్వు, అనడిగారు. ఇన్నేళ్ళ కాపురంలో నా పని గురించి మీరు నోరు తెరిచి అడిగింది అదే మొదలు. అప్పటిదాకా ఎవరైనా అడిగితే, 'ఏదోలెండి, ఆ కంప్యూటరు పని' అనేవారు. నేనెంత మురిసిపోయానో తెలుసా? లేచి నిలబడి, నాటకం ఆడి మరీ చూపించాను."

"తెలుసు."

"తెలిసే వెళ్ళి చెప్పారా?"

"ఏదో పెద్ద దొంగతనం జరిగినట్టు మాట్లాడతావేంటి!"

"జరిగింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?"

అంతలో అత్తగారు లేచి వచ్చారు. నీరసంగా గోడ పట్టుకుని నడుస్తున్నారు కానీ గొంతుకి ఏ నీరసమూ లేదు.

"ఇంటి గుట్టు లంకకి చేటు అన్నారే పెద్దలు! నువ్వు వెళ్ళి నలుగురిలో చెప్తానంటావా?"

"ఇది ఇంటి గుట్టు కాదత్తయ్యా, ఆఫీసు గుట్టు. మనింటికొచ్చి చెడింది."

"పోనీ చెప్పు. ఎవరి నోట్లోంచి బయటపడిందని అడగరా వాళ్ళు?"

"అడుగుతారు. నా నోట్లోంచే అని చెప్తాను."

"నీ ఉద్యోగం కూడా ఊడుతుంది," అన్నాడు మా ఆయన.

"ఊడనీండి."

"విన్నావురా! ఊడనీండిట!" అని అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి గొంతు తగ్గించారు. "అమ్మాయీ, నీకు తెలీదు. వాడు పని లేక ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అద్దంలో మొహం చూసుకోవడం మానేశాడు. గడ్డం కూడా చూసుకోకుండా గీసుకునేవాడు. నిన్నగాక మొన్న మళ్ళీ దువ్వెన పట్టుకున్నాడు. ఆ దువ్వెన లాక్కోకు తల్లీ."

నాకు వాడంటే కోపం రాలేదు. వస్తే బాగుండేది.

మరిది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గుమ్మం దాకా వచ్చాడు. "వదినా, నీమీదొట్టు, అది పరీక్షని నాకు తెలీదు. 'ఇలా అడుగు, బాగుంటుంది' అన్నాడు అన్నయ్య. అడిగాను."

"పరీక్షని తెలియకుండానే ల్యాప్‌టాప్ మూసేశావా?"

"మూసెయ్యమని కూడా అన్నయ్యే చెప్పాడు."

నవ్వొచ్చింది నాకు. మా ఆయనవైపు తిరిగాను.

"నువ్వు నన్ను అమ్మేశావ్," అన్నాను.

అత్తగారు నోరు తెరిచారు. మరిది నేలకేసి చూశాడు. ఆయన్ని నేను ఏకవచనంలో అనడం అదే మొదటిసారి. ఎవరూ తప్పుపట్టలేదు. దానికే ఇంకా భయం వేసింది నాకు.

"అంతా నా ఒక్కడి నెత్తినే రుద్దకు," అన్నాడాయన.

"ఇంకెవరి నెత్తిన రుద్దమంటారు?"

ఏదో చెప్పబోయాడు. తమ్ముణ్ణి చూసి ఆగిపోయాడు. "ఏం లేదు. వెళ్ళు. వెళ్ళి చెప్పుకో," అని బూట్లు వెతుక్కుంటూ వసారాలోకి వెళ్ళిపోయాడు. బూట్లు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

*

ఆఫీసు కింద హాల్లోకి అడుగుపెట్టేసరికి రిసెప్షను దగ్గర పెద్ద రభస. సందేహం లేదు, రికార్డు రూమావిడే. నిన్న నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. ఎందుకు రావాలో చెప్పలేదు. ఏమని చెప్పను?

"లోపలికి రావడానికి నా పుట్టినరోజు ఎందుకమ్మా మీకు? కేకు కోస్తారా?" అని అడుగుతోంది రిసెప్షను అమ్మాయిని.

"రూలండీ."

"ఎవరు పెట్టారు ఆ రూలు? రాసుకున్నాక ఎక్కడ దాస్తారు? ఎన్నాళ్ళు ఉంచుతారు?"

రిసెప్షను అమ్మాయి దిక్కులు చూస్తోంది. ఇంటర్వ్యూ రోజున కూడా ఈవిడ ఇంతే. ల్యాప్‌టాప్ మూసి నావైపు తోసేసి, "నాకు చూపించమని ఈ ఖాతాదారులు మీకు చెప్పారా? చెప్తే కాగితం చూపించండి, లేకపోతే ఇది తీసుకెళ్ళిపోండి" అంది. అదే రోజు కుర్చీ కిర్రుమంటోందని మార్పించుకుంది, కిటికీ తెరిపించుకుంది. మా ఆఫీసువాళ్ళు ఆవిడకి పేచీకోరని పేరు పెట్టేశారు. ఆవిడతో పనిచేయడం సుఖం కాదని నాకు తెలుసు. అయినా మా టీచరమ్మ జబ్బు కాగితం ఈవిడ చేతిలో ఉండుంటే గడప దాటేది కాదు.

"కాసేపు కూర్చోండి, ఇప్పుడే వస్తాను," అన్నాను.

"కూర్చుంటాను. పుట్టినరోజు మాత్రం రాయను," అంది.

డైరెక్టరు గారు తన గదిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నారు. నేను ఏదీ దాచలేదు. మా ఆయనకి చెప్పింది నేనే, మరిదికి చేరింది అలాగే, తప్పు నాది, వాణ్ణి ఆపేయండి, నామీద ఏ చర్య తీసుకున్నా సరే అన్నాను. చెప్పడం అయిపోయింది. ఆయన కళ్ళద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

"మంచినీళ్ళు తాగమ్మా," అన్నారు.

"వద్దండీ. మావాణ్ణి ఆపేస్తారా?"

"ఎందుకాపాలి?"

"వాడు అడిగిన ప్రశ్న వాడిది కాదని చెప్తున్నాను కదండీ!"

"తెలుసు," అన్నారు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"చూడమ్మా, కింద కూర్చుందే, ఆవిడ నిజంగానే అడిగింది. నా భయం అదే. అలాంటి మనిషి ఉద్యోగంలో చేరాక కూడా అడుగుతుంది. అమ్మకాలవాళ్ళు ఫలానా జబ్బున్నవాళ్ళ ఫోన్ నంబర్లు కావాలంటే ఎందుకని అడుగుతుంది. నేను కావాలన్నా అడుగుతుంది. పొద్దునా సాయంత్రం అడుగుతూనే ఉంటుంది. కంపెనీ నడవాలా వద్దా? నాకు ఒక్కసారి అడిగేవాడు చాలు."

ఎంత నెమ్మదిగా చెప్పారో! జ్వరం వచ్చిన పిల్లకి మందెందుకు వేసుకోవాలో చెప్పినట్టు చెప్పారు.

"కంచే చేను మేయాలనుకుంటే మరి నన్నెందుకు కాపలా పెట్టారు?"

"నీ పేరుకి విలువుంది. బయటి తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు నీ పేరు చెప్తే సగం ప్రశ్నలు అడగరు."

ఇంత చెప్పాక కూడా నా బుర్ర ఒక్కచోటే తిరుగుతోంది. "ప్రశ్న వాడిది కాదని మీకెలా తెలుసు? మా ఇంట్లో తప్ప..."

ఆయన మొదటిసారి నావైపు సూటిగా చూశారు. జాలిగానే చూశారు. "మీ ఆయన చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆయనకి ఫోన్ చేసింది నేనేనమ్మా. నువ్వు ఏదో కొత్త పరీక్ష పెడుతున్నావని ఆఫీసంతా అనుకుంటున్నారు, నువ్వేమో అప్పటికి నాక్కూడా చెప్పలేదు. మీ తమ్ముడు దరఖాస్తు పెట్టాడు కదా, మీ ఆవిణ్ణి అడిగి అదేంటో కాస్త తెలుసుకుని అతనికి చెప్పండి అన్నాను. మంచి మనిషి. మళ్ళీ చెప్పించుకోలేదు."

తమ్ముడి కోసం నోరు జారాడనుకున్నాను. దాన్ని క్షమించడానికి నాలో ఎక్కడో ఓ మూల కాస్త చోటు ఉండిపోయింది, పొద్దున అంత అరిచినా సరే. ఇది అది కాదు. ముందు నేను చెప్తే తర్వాత వాడికి చేరవేయడం కాదు. చేరవేయడానికే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను మురిసిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

డైరెక్టరు గారు ఒక కాగితం నా ముందుకి జరిపారు. కొత్తగా చేరేవాళ్ళని విభాగం పెద్ద ఒప్పుకున్నట్టు చేసే సంతకం. "ఇది చేసెయ్యమ్మా. లేకపోతే పరీక్ష బయటపెట్టింది నువ్వని పైవాళ్ళకి నేనే చెప్పాల్సొస్తుంది. చెప్పడం నాకిష్టం లేదు. ఇంట్లో కూడా అందరూ సంతోషంగా ఉన్నారు కదా."

నేను ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. లేచి వచ్చేశాను.

*

మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. మా ఆయన.

"మాట్లాడావా? ఏమన్నారు?"

"కాఫీ పెట్టమని కూడా ఆయనే చెప్పాడా?" అన్నాను.

అవతల వాహనాల మోత వినిపిస్తోంది. "నువ్వు ముందు ఇంటికి రా. మాట్లాడుకుందాం," అన్నాడు. నేను ఫోను పెట్టేశాను.

కింద హాల్లో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. రికార్డు రూమావిడ, మా మరిది. ఒకరెవరో ఒకరికి తెలీదు. మరిది ఒళ్ళో కొత్త ఉద్యోగులు నింపే ఫారం ఉంది. ఆవిడ వేలితో చూపిస్తోంది. "ఆ గడి నింపకు బాబూ. మీ అమ్మగారి జబ్బులు వాళ్ళకెందుకు? అడిగితే ఎందుకని అడుగు." వాడు బుద్ధిగా తలూపి ఆ గడి వదిలేస్తున్నాడు.

నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"ఇద్దరూ నాతో రండి. పైన ఎండీ గారి దగ్గరికి వెళ్దాం," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. ఎండీ గారు ఎలాంటివారో నాకేం తెలుసు? ఆయనకీ ఒక్కసారి అడిగేవాళ్ళే కావాలేమో. అయినా లిఫ్టు బటను నొక్కాను.

"ఎందుకు వదినా?" అన్నాడు మరిది.

రికార్డు రూమావిడ చటుక్కున వాడివైపు తిరిగింది. "వదినా? ఈ అబ్బాయెవరు మీకు?"

"మా మరిది. మీకు రావాల్సిన ఉద్యోగం వచ్చినవాడు."

ఆవిడ మొహంలో రంగు మారింది. "ఓహో. అయితే మీ ఇంట్లోవాళ్ళకి ఇచ్చుకుని నన్ను దేనికి పిలిచినట్టు? ఉద్యోగానికా, సాక్ష్యానికా?"

అబద్ధం చెప్పాలనిపించింది. అప్పటికే ఆ పొద్దున కావాల్సినన్ని విన్నాను. "సాక్ష్యానికే," అన్నాను. "నిన్న ఫోన్లో చెప్పాల్సింది. చెప్తే రారేమోనని చెప్పలేదు."

"రాకపోదును," అంది. లిఫ్టు వచ్చింది. ఎక్కకుండా వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఆవిడ ఎక్కింది. ఎక్కి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది. మరిదిని ఎగాదిగా చూసింది.

జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. పరీక్ష, మా ఆయన, వీడు. డైరెక్టరు గారి ఫోను సంగతి మాత్రం చెప్పలేదు. అది వాడికే తెలీదు, ముందు వాడి నోట్లోంచి నిజం రావాలి. వాడు ఒక్క మాట అంటే చాలు, డైరెక్టరు గారి మాటకి ఎదురు నిలబడేది ఒకటి ఉంటుంది నాకు. లేకపోతే నాదీ ఆయనదీ మాటకి మాట. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు.

"వదినా, పొద్దున ఇంట్లో చెప్పాను కదా," అన్నాడు వాడు, చిన్నగా.

"ఇంట్లో చెప్పింది ఇంట్లోవాళ్ళకి. పైన చెప్పాలి. వస్తావా?"

వాడు కదల్లేదు. కొత్త చొక్కా చంకల కింద తడిసింది. జేబులో ఫోను మోగుతోంది. తీసి చూసి, ఎత్తకుండా చేతిలోనే పట్టుకున్నాడు. తెర మీద ఎవరి పేరుందో నాకు ఇక్కడికే కనిపిస్తోంది.

రికార్డు రూమావిడకి ఓపిక లేదు. "ఏం బాబూ, పెద్ద లెక్కేం కాదు కదా. ఇవి నేను చూడొచ్చా అని ఇంటర్వ్యూలో అడిగావట. ఆ మాట నీకు నువ్వుగా తోచిందా, ఎవరైనా చెప్పారా?"

వాడు నావైపు చూశాడు. ఆవిడవైపు చూశాడు. మోగుతున్న ఫోనువైపు చూశాడు.

"అన్నయ్యని అడిగి చెప్తానండీ," అన్నాడు.